మెత్తటి షూ సరే, ఏ పరుగుకు?

షోరూంలో కొత్త రన్నింగ్ షూ వేసుకుని నాలుగడుగులు వేయగానే ఎక్కువ మంది నోట వచ్చే మాట ఒకటే: "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" ఆ మాటతోనే బేరం సగం తెగిపోతుంది. చిక్కేమిటంటే ఆ నాలుగడుగులూ నడక. కొంటున్నదేమో పరుగు కోసం.

నడకలో ఎప్పుడూ ఏదో ఒక పాదం నేల మీదే ఉంటుంది. పరుగులో అలా కాదు. ప్రతి అడుగుకూ ఒక్క క్షణం రెండు కాళ్లూ గాలిలో ఉంటాయి, మరుక్షణం ఒళ్లంతా ఒకే పాదం మీద పడుతుంది. అప్పుడు ఆ కాలు మోసే భారం ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. 70 కిలోల మనిషైతే 140 నుంచి 210 కిలోలన్నమాట. కిలోమీటరుకు ఇంచుమించు వెయ్యి అడుగులు పడతాయి కాబట్టి, ఆదివారం పొద్దున 15 కి.మీ. వెళ్లొస్తే ఒక్కో కాలు ఈ భారాన్ని ఏడు వేల సార్లకు పైగా మోస్తుంది. షోరూంలో మొదటి అడుగుకు హాయిగా తోచిన మెత్తదనం ఏడు వేలో అడుగు దగ్గర ఎలా ఉంటుందో అక్కడ తెలియదు. అది షూ మీద ఎంత ఆధారపడుతుందో, ఆ రోజు పరుగు ఎలాంటిదన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది.

అందుకే బ్రాండ్లను పోల్చే ముందు వారం పరుగుల లెక్క వేసుకోవడం మంచిది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ కోసం, అంటే 21.1 కి.మీ. కోసం తయారవుతున్న ఒక మామూలు రన్నర్‌ని తీసుకుందాం. మంగళవారం 8 కి.మీ. ఈజీ రన్. గురువారం 7 కి.మీ., అందులో 4 కి.మీ. టెంపో, అంటే ఆపకుండా ఒకే గట్టి వేగంతో సాగే పరుగు. శనివారం 5 కి.మీ. ఒళ్లు సడలించుకునే నెమ్మది పరుగు. ఆదివారం 15 కి.మీ. లాంగ్ రన్. మొత్తం 35 కి.మీ. ఇందులో నిజంగా వేగంగా పరుగెత్తేది నాలుగంటే నాలుగు కిలోమీటర్లు. మిగతా 31 కి.మీ. పక్కవాళ్లతో మాట్లాడుతూ వెళ్లగలిగే వేగమే. కానీ రన్నర్లు ఎక్కువగా చర్చించేదీ, ఎక్కువ డబ్బు పోసేదీ ఆ నాలుగు కిలోమీటర్లకు సరిపడే షూ గురించి. లెక్క అక్కడే తలకిందులవుతోంది.

కుంగడం వేరు, తిరిగి తోయడం వేరు

కుషన్ అన్న ఒక్క మాట కింద రెండు గుణాలు కలగాపులగం అయిపోయాయి. బరువు పడితే ఫోమ్ ఎంత కుంగుతుందన్నది ఒకటి. కుంగిన ఫోమ్ ఎంత చురుగ్గా పైకి లేచి కాలిని తోస్తుందన్నది రెండోది. దూది దిండు బాగా కుంగుతుంది, కానీ లేవదు. రబ్బరు బంతి కుంగుతుంది, లేస్తుంది. కొత్త తరం షూ ధరలన్నీ ఈ రెండో గుణం చుట్టూ తిరుగుతున్నాయి.

1970ల మధ్య నుంచి దాదాపు నలభై ఏళ్లు రన్నింగ్ షూ అడుగుభాగంలో రాజ్యమేలింది ఈవీఏ అనే ఫోమ్. తేలిక, చవక, ఏ ఆకారంలోకైనా పోత పోయొచ్చు. 2013లో అడిడాస్ బూస్ట్ తెచ్చింది. జర్మనీ రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్‌తో కలిసి చేసిన ఆ ఫోమ్ చూడ్డానికి థర్మకోల్ గుళికలను అతికించినట్టుంటుంది. 2017లో నైకీ వేపర్‌ఫ్లైతో పెబా రకం ఫోమ్ రంగంలోకి దిగింది. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు అప్పట్లో మూడు రేస్ షూలను యంత్రంతో నొక్కి చూశారు. పాత పద్ధతి ఈవీఏ షూ తనలోకి తీసుకున్న శక్తిలో 65.5 శాతం తిరిగి ఇచ్చింది. బూస్ట్ షూ 75.9 శాతం, పెబా షూ 87 శాతం ఇచ్చాయి. పైగా పెబా షూ మిగతా రెండింటికంటే దాదాపు రెట్టింపు కుంగింది. అంటే అన్నింటికంటే మెత్తనిదీ అదే, అన్నింటికంటే బాగా తోసిందీ అదే. మెత్తగా ఉంటే వేగం తగ్గుతుందన్న పాత నమ్మకం అక్కడితో పోయింది.

మందపాటి సోల్ కథ మాత్రం రేసుల నుంచి రాలేదు, కొండల నుంచి వచ్చింది. 2009లో ఫ్రాన్స్‌లోని ఆనెసీ ప్రాంతంలో ఇద్దరు కొండ రన్నర్లు హోకా కంపెనీ పెట్టారు. ఆల్ప్స్ కొండలు దిగేటప్పుడు మోకాళ్లూ తొడలూ పడే బాధ తగ్గాలంటే అడుగున ఇంకాస్త ఫోమ్ ఉండాలన్నది వాళ్ల ఆలోచన. సరిగ్గా అదే కాలంలో ప్రపంచమంతా బేర్‌ఫుట్ మోజులో ఉంది. ఉత్త కాళ్లతో, లేదా కాగితంలాంటి సోల్‌తో పరుగెత్తడమే సహజమని చాలామంది నమ్మారు. ఆ రోజుల్లో హోకా షూ చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు దాదాపు ప్రతి కంపెనీ రోజువారీ షూ మడమ కింద 35 నుంచి 40 మి.మీ. మందం పెడుతోంది.

కాలు ఊరుకోదు

షూ మెత్తగా ఉంటే కాలి మీద దెబ్బ తగ్గుతుందన్నది పైకి కనిపించే తర్కం. కానీ కాలు స్ప్రింగులా పనిచేసే అవయవం. కింద గట్టి నేల ఉంటే మోకాలు, చీలమండ ఇంకాస్త వంగుతాయి. కింద మెత్తగా ఉంటే కాలు బిగుసుకుంటుంది. ఇదంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. 1990ల చివర్లోనే అమెరికా పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. 2018లో ఫిన్లాండ్ పరిశోధకులు ఒక మామూలు షూనీ, ఒక మందపాటి హోకా షూనీ పోలిస్తే, గంటకు 14.5 కి.మీ. వేగంలో మెత్తటి షూ వేసుకున్నప్పుడే నేలను తాకే తొలి దెబ్బ ఎక్కువగా నమోదైంది. మెత్తదనం పెరిగేసరికి కాళ్లు అంతగా బిగుసుకున్నాయి.

అలాగని మెత్తటి షూ మోసమనుకుంటే తొందరపాటే. ఆ ప్రయోగంలో పాల్గొన్నది పన్నెండు మంది. పైగా యంత్రం మీద దెబ్బ ఎక్కువగా కనిపించడం ఒకటి, గాయం కావడం ఇంకొకటి. లక్సెంబర్గ్ పరిశోధకులు 2020లో వెలువరించిన అధ్యయనం చాలా పెద్దది. 848 మంది మామూలు రన్నర్లకు పైకి ఒకేలా కనిపించే షూలు ఇచ్చారు. కొందరి షూలో ఫోమ్ గట్టిది, కొందరిది మెత్తనిది. ఎవరికి ఏది అందిందో వాళ్లకు తెలియదు. ఆరు నెలల తర్వాత చూస్తే గట్టి షూ వేసుకున్నవాళ్లకు గాయాల ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. విడ్డూరం ఏమిటంటే మెత్తటి షూ మేలు ప్రధానంగా బరువు తక్కువున్న వాళ్లలోనే స్పష్టంగా కనిపించింది. బరువైనవాళ్లలో తేడా అంత తేటగా లేదు. "బరువున్నారు కదా, మీకు బాగా కుషన్ ఉన్నది ఇవ్వాలి" అని దుకాణంలో చెప్పే సలహాకు ఇది ఎదురు నడుస్తోంది. బరువైన మనిషి కింద మెత్తటి ఫోమ్ పూర్తిగా అణిగిపోయి అడుగంటుతుందా అన్న అనుమానం సహజమే కానీ, ఈ అధ్యయనం అంత దూరం వెళ్లలేదు.

ఇక పాదం ఆకారం చూసి షూ ఎంచే పద్ధతి ఒకటుంది. తడి పాదం ముద్ర చూసి, అరికాలు చదునుగా ఉంటే స్టెబిలిటీ షూ (పాదం లోపలికి ఒరగకుండా ఆపే రకం), వంపుగా ఉంటే కుషన్ షూ అని ఇంకా చాలాచోట్ల చెబుతున్నారు. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళం మూడింటిలోనూ కొత్తగా చేరినవాళ్ల మీద ఈ పద్ధతిని పరీక్షించారు. పాదం చూసి షూ ఇచ్చినవాళ్లకూ, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాలికి హాయిగా ఉన్న షూని ఎంచుకోవడమే ఇప్పటికి ఎక్కువ మంది నిపుణులు ఒప్పుకునే దారి. అయితే ఆ హాయిని ఏ వేగంలో చూస్తున్నామన్నది కూడా పట్టించుకోవాలి.

నెమ్మది పరుగులు: ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టాలి

ఈజీ రన్‌లో పాదం నేల మీద ఎక్కువసేపు ఉంటుంది. చాలామందికి మడమ ముందు తగులుతుంది. వేగం కోసం తోసే పని తక్కువ, ఒళ్లు మోసే పని ఎక్కువ. కాబట్టి ఇక్కడ కావలసింది కుంగే గుణం, దాంతోపాటు నిలకడ. తోసే గుణం మరీ ఎక్కువైతే ఒక ఇబ్బంది కూడా ఉంది. ఎగిరిపడే ఫోమ్ మీద నెమ్మదిగా వెళ్లడం కష్టం, కాలు ముందుకు లాగుతుంది. మంగళవారం ఈజీగా సాగాల్సిన పరుగు తెలియకుండానే టెంపో అయిపోతుంది.

ఆసిక్స్ జెల్ నింబస్, హోకా బాండై, న్యూ బ్యాలెన్స్ 1080, బ్రూక్స్ గ్లిసరిన్, నైకీ వొమెరో 18 ఈ కోవకు చెందినవి. కాస్త బరువైనవి, అందులో తప్పేమీ లేదు. షూ బరువు 100 గ్రాములు పెరిగితే పరుగుకు ఖర్చయ్యే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుందన్నది పాత లెక్క, చాలాసార్లు రుజువైన లెక్క. రేసులో ఒక శాతం ఎక్కువే. మంగళవారం పొద్దున ఈజీ రన్‌లో దాన్ని ఎవరు లెక్కపెడతారు?

నిలకడ మాట ఇంకాస్త చెప్పుకోవాలి. నలభై మిల్లీమీటర్ల ఎత్తు మెత్తటి ఫోమ్ మీద నిలబడ్డ పాదం కాస్త పక్కకు ఒరిగితే చీలమండ మెలిక పడే అవకాశం ఎక్కువ. బాగున్న రోడ్డు మీద పర్వాలేదు. తెల్లవారుజామున ఐదు గంటలకు, వీధిదీపాలు సగం వెలగని కాలనీలో, పగిలిన ఫుట్‌పాత్ అంచులూ స్పీడ్ బ్రేకర్లూ మ్యాన్‌హోల్ మూతలూ దాటుకుంటూ పరుగెత్తే మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. షూ ఎంత ఎత్తుందో చూసినట్టే అడుగు ఎంత వెడల్పుందో కూడా తిప్పి చూడాలి. ఎత్తుగా ఉండి నడుం దగ్గర సన్నబడిపోయే సోల్ కంటే, ఎత్తుగా ఉన్నా పడవలా వెడల్పుగా పరుచుకున్న సోల్ నయం. సోల్ అంచులు పైకి లేచి మడమను గిన్నెలా పట్టుకునే రకాలైతే ఇంకా మేలు.

లాంగ్ రన్ దగ్గర లెక్క మారుతుంది. మొదటి గంట అది ఈజీ రన్‌లాగే ఉంటుంది. రెండో గంటలో కండరాలు అలిసి, నడుం కుంగి, అడుగు బరువెక్కుతుంది. కుంగడం మాత్రమే తెలిసిన షూ అప్పుడు తడి ఇసుకలో పరుగులా అనిపిస్తుంది. అందుకే లాంగ్ రన్‌కి మెత్తదనంతోపాటు కొంత తోసే గుణం కూడా కావాలి. ఆసిక్స్ నోవాబ్లాస్ట్ లాంటివి ఇక్కడ నచ్చుతాయి. ఇంకా ఖరీదు పెట్టగలిగితే అదే కంపెనీ సూపర్‌బ్లాస్ట్ లాంటి మందపాటి, ప్లేటు (సోల్ లోపల పెట్టే గట్టి పలక) లేని షూలున్నాయి. ఆదివారం లాంగ్ రన్‌లో ఆఖరి ఐదు కిలోమీటర్లు కాస్త వేగం పెంచేవాళ్లకు ఈ రకం మరీ ఉపయోగం.

హైదరాబాద్‌లో తయారయ్యేవాళ్లకు ఇంకో కోణం ఉంది. ఇక్కడి మారథాన్ ఫ్లైఓవర్ల ఎక్కుదిగుళ్లకు పేరుమోసింది. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది కాబట్టి ఎక్కడమే కష్టమనిపిస్తుంది. కాళ్లకు మాత్రం దిగడమే ఎక్కువ నష్టం. తొమ్మిది డిగ్రీల వాలు దిగేటప్పుడు నేల తగిలే తొలి దెబ్బ చదును రోడ్డు మీదకంటే 54 శాతం ఎక్కువని, ఎక్కేటప్పుడు ఆ తొలి దెబ్బ దాదాపు మాయమవుతుందని కొలరాడో యూనివర్సిటీలోనే కొలిచారు. ఫ్లైఓవర్లు అంత నిటారుగా ఉండవు కానీ అవి ఒకటీ రెండూ కాదు. విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు వెంట చదునుగా పరుగెత్తేవాళ్లకు సరిపోయిన షూ, కైలాసగిరి రోడ్డు ఎక్కి దిగేవాళ్లకు మడమ దగ్గర పల్చగా అనిపించడం ఇందుకే. ఈ సందర్భంలో హోకా వాళ్ల తొలి ఆలోచన మన ఊళ్లకూ పనికొస్తుంది.

డ్రాప్ అనే చిన్న అంకె

మడమ కింద మందం, మునివేళ్ల కింద మందం, ఈ రెండింటి మధ్య తేడాను డ్రాప్ అంటారు. మడమ కింద 40, ముందు 32 మి.మీ. ఉంటే డ్రాప్ 8. సంప్రదాయ షూల్లో ఇది 10 నుంచి 12. నైకీ పెగాసస్‌లో 10. హోకా షూల్లో చాలాకాలం 4, 5 దగ్గరే ఉంది. క్లిఫ్టన్ పదో తరంలో మాత్రం 8కి పెంచారు. ఆల్ట్రా రోడ్డు షూలు సున్నా డ్రాప్‌కి పేరుపడ్డవి.

డ్రాప్ తగ్గేకొద్దీ పని పిక్కల మీదికీ, మడమ వెనకుండే ఎకిలీస్ స్నాయువు మీదికీ జరుగుతుంది. పెరిగేకొద్దీ మోకాలి వైపు వెళుతుంది. భారం ఎక్కడికీ పోదు, మోసే చోటు మారుతుంది అంతే. మోకాలి నొప్పితో ఉన్నవాళ్లు తక్కువ డ్రాప్‌కి మారి బాగుపడ్డారనీ, మడమ వెనక నొప్పి కొత్తగా తెచ్చుకున్నారనీ రెండు రకాల కథలూ వినిపిస్తాయి. రెండూ నిజమే అయ్యుండొచ్చు. 10 డ్రాప్ షూలో ఏళ్ల తరబడి పరుగెత్తిన మనిషి ఒక్కసారిగా 4కి మారి, ఆ వారమే 15 కి.మీ. లాంగ్ రన్ పెట్టుకుంటే సోమవారం మెట్లు దిగడం కష్టమే. మారాలనుకుంటే మూడు నాలుగు వారాలు చిన్న పరుగులకే కొత్త షూ వాడాలి.

వేగం, రేసు, కార్బన్ మోజు

టెంపో, ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి పరుగెత్తడం) గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వేగం పెరిగితే పాదం నేల మీద ఉండే సమయం తగ్గుతుంది. బరువు ముందు భాగం మీదికి వస్తుంది. కాబట్టి తేలికైన, ముందు భాగంలో చురుకైన షూ కావాలి. సాకనీ ఎండార్ఫిన్ స్పీడ్‌లో నైలాన్ ప్లేటు ఉంటుంది. న్యూ బ్యాలెన్స్ రెబెల్, అడిడాస్ ఈవో ఎస్ఎల్ లాంటివాటిలో ప్లేటు లేదు. వారానికి నాలుగు కిలోమీటర్ల టెంపో కోసం ఇవేవీ కొనకపోయినా కొంప మునిగిపోదు. పెగాసస్, క్లిఫ్టన్, నోవాబ్లాస్ట్ లాంటి మధ్యరకం షూ ఆ పని చేసి పెడుతుంది.

అసలు మోజు కార్బన్ ప్లేటు మీద. వేపర్‌ఫ్లై తొలి మోడల్ పేరులోనే 4 శాతం అని ఉంది. అదే వేగానికి అంత తక్కువ శక్తి ఖర్చవుతుందన్నది అర్థం. కొలరాడో పరిశోధనలో సగటున తేలిందీ అంతే. కానీ ఆ పరీక్షకు వచ్చినవాళ్లు మేటి రన్నర్లు, పరుగెత్తింది గంటకు 14 నుంచి 18 కి.మీ. వేగంతో. తర్వాత అమెరికాలోనే మరో బృందం ఆ తరహా షూనే నెమ్మది వేగాల్లో పరీక్షించింది. గంటకు 12 కి.మీ. దగ్గర లాభం 1.4 శాతానికి, 10 కి.మీ. దగ్గర 0.9 శాతానికి పడిపోయింది. కొందరికి అసలు లాభమే లేదు. గంటకు 10 కి.మీ. అంటే హాఫ్ మారథాన్ 2 గంటల 6 నిమిషాల్లో పూర్తి చేసే వేగం. మన రేసుల్లో చాలామంది ఇంకా వెనకే ఉంటారు. వాళ్లకు ఇరవై వేలు దాటిన షూ తెచ్చిపెట్టేది మహా అయితే ఒక నిమిషం. నీళ్ల స్టాల్ దగ్గర సెల్ఫీ మానుకున్నా అది వస్తుంది.

మేటి రన్నర్లకు మాత్రం ఈ షూలు ఆటనే మార్చేశాయి. అందుకే 2020 జనవరి 31న వరల్డ్ అథ్లెటిక్స్ హద్దు గీసింది: రోడ్డు రేసుల్లో సోల్ మందం 40 మి.మీ. దాటకూడదు, ఒక్కటికి మించి ప్లేటు ఉండకూడదు. 2021 సెప్టెంబరులో వియన్నా మారథాన్‌లో ముందుగా గీత దాటిన ఇథియోపియా రన్నర్ డెరారా హురిసా షూ మందం 5 సెం.మీ. ఉందని తేలి, గెలుపు చేజారింది. సాధన కోసం చేసిన షూ రేసులో వేసుకోవడం వల్ల వచ్చిన తంటా అది. మామూలు రన్నర్ల షూ ఎవరూ స్కేలు పెట్టి కొలవరు కాబట్టి మనకు ఆ భయం లేదు. మరో కొసకు వెళితే, 2023లో బెర్లిన్‌లో టిగిస్ట్ అసెఫా 2:11:53తో మహిళల ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు వేసుకున్న అడిడాస్ షూ బరువు 138 గ్రాములు, ధర 500 డాలర్లు. ఒక్క మారథాన్‌కీ, ముందు కాస్త అలవాటు పడటానికీ పనికొస్తే చాలన్నట్టు చేసిన షూ అది.

రోజూ కార్బన్ షూలోనే పరుగెత్తేవాళ్లకు ఒక హెచ్చరిక కూడా ఉంది. 2023లో ఒక వైద్య పత్రికలో ఈ షూలు వాడిన ఐదుగురు రన్నర్లకు పాదం మధ్య ఎముకలో ఒత్తిడి వల్ల వచ్చిన గాయాల వివరాలు ప్రచురించారు. ఐదుగురితో ఏదీ రుజువు కాదు. కాకపోతే గట్టి ప్లేటు పాదం వంగే తీరును మారుస్తుంది. దానికి అలవాటు లేని ఎముక మీద భారం కొత్త చోట పడుతుంది. డ్రాప్ దగ్గర చెప్పుకున్న సంగతే ఇక్కడా వర్తిస్తుంది.

ఒకటా, రెండా?

వారానికి 20 కి.మీ. లోపు పరుగెత్తేవాళ్లకు ఒక మంచి మధ్యరకం జత చాలు. 30 దాటినవాళ్లకు రెండు జతలు ఉండటం విలాసమేమీ కాదు. లక్సెంబర్గ్ బృందమే 2015లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం 264 మంది రన్నర్లను 22 వారాలు గమనించింది. ఒకటి కంటే ఎక్కువ జతలు మార్చి మార్చి వాడినవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది. షూ మారితే భారం పడే చోటు కొంచెం మారుతుంది, ఒకే కండరం మీద రోజూ అదే దెబ్బ పడదు అన్నది దీనికి చెప్పే కారణం. కాబట్టి రెండో జత మొదటిదాని కవల కాకూడదు. ఒకటి నింబస్ తరహా అయితే రెండోది దానికంటే తేలికైనదీ, కాస్త గట్టిదీ అయ్యుండాలి. రెండు మెత్తటి దిండ్లు కొనుక్కుంటే జతలు రెండు, పని ఒకటే.

మన వానాకాలం కూడా రెండో జతనే కోరుతుంది. ఆగస్టు రేసుకు తయారీ అంతా జూన్, జూలై వానల్లోనే. తడిసిన షూ ఒక్క రాత్రిలో ఆరదు, మందపాటి ఫోమ్, మెత్తటి పైబట్ట ఉన్నవైతే అసలే ఆరవు. పాత పేపరు ఉండలు చుట్టి లోపల కుక్కి, ఫ్యాను కింద పెట్టడం అందరికీ తెలిసిన వైద్యమే. ఎండలో, మరీ ముఖ్యంగా కారు డాష్‌బోర్డు మీద పెట్టకూడదు. వేడికి ఫోమ్ సడలుతుంది, జిగురు వదులుతుంది. బరువు తగ్గించడానికి అడుగున రబ్బరు తగ్గించి ఫోమ్‌ని బయటికి వదిలేసిన షూలు తడి టైల్స్ మీద, రోడ్డు మీద తెల్ల గీతల మీద జారతాయి. రేస్ షూల్లోనూ, మరీ తేలికైన మెత్తటి షూల్లోనూ ఇది మామూలే. షూ తిరగేసి రబ్బరు ఎంత ఉందో చూస్తే చాలు.

ఆయుష్షు విషయానికొస్తే రోజువారీ షూకి 500 నుంచి 800 కి.మీ. అని చెబుతారు. 12 వేల రూపాయల షూ 600 కి.మీ. వస్తే కిలోమీటరుకు 20 రూపాయలు. 22 వేల రేస్ షూ 350 కి.మీ. వస్తే కిలోమీటరుకు 63. పెబా ఫోమ్ 450 కి.మీ. వాడాక ఈవీఏ మీద తనకున్న ఆధిక్యాన్ని పోగొట్టుకుందని ఒక ప్రయోగంలో తేలింది కూడా. రేస్ షూని కూరగాయల మార్కెట్‌కి వేసుకెళ్లడం ఎంత దండగో దీన్నిబట్టే తెలుస్తుంది. సోల్ రబ్బరు అరగలేదు కదా అని వాడుతూ పోవడం ఇంకో పొరపాటు. ఫోమ్ లోపల్లోపలే చస్తుంది. సోల్ పక్కన అడ్డంగా ముడతలు పడి అవి చదును కాకపోవడం, పరుగు తర్వాత ఇదివరకు లేని చోట నొప్పి మొదలవడం దానికి గుర్తులు.

సైజు దగ్గరే సగం తప్పులు

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్లకంటే వెడల్పుగా ఉన్నాయని అందులో తేలింది. వాటికి తగ్గట్టు "భా" పేరుతో భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ఏడాది పొడుగునా చెప్పులతో తిరిగే పాదం వేళ్లు విచ్చుకుని ఉంటాయి. వాటిని ఇరుకు షూలోకి దూర్చి, పొడవు ఒక సైజు పెంచి సర్దుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. అప్పుడు మడమ వదులై లోపల జారుతుంది, షూ కరుస్తుంది, మెత్తటి ఫోమ్ మీద పాదం ఇంకా అటూ ఇటూ ఊగుతుంది. పొడవు పెంచడం కంటే 2ఈ వెడల్పు (వెడల్పాటి పాదాలకు చేసే కొలత) దొరికే మోడల్ వెతకడం మంచిది. మందపాటి షూ వల్ల ఒళ్లు తూలుతోందని తిట్టుకునేవాళ్లలో కొందరి అసలు సమస్య సైజే.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో వదినతోనో పోయినేటి మోడల్ సగం ధరకు తెప్పించుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మగవాళ్ల షూల్లో నైకీ, ఆసిక్స్ యూకే 8 అంటే యూఎస్ 9. అడిడాస్‌లో యూకే 8 అంటే యూఎస్ 8.5. పెట్టె మీద సెంటీమీటర్ల అంకె కూడా ఉంటుంది, అది అడిగితే గొడవ ఉండదు. సముద్రాలు దాటి వచ్చిన షూని తిరిగి పంపడం అయ్యే పని కాదు మరి.

దగ్గర్లో దుకాణం ఉన్నవాళ్లు సాయంత్రం వెళ్లాలి, రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి. పరుగుకు వేసుకునే సాక్సే వేసుకెళ్లాలి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే లాంగ్ రన్‌లో గోరు నల్లబడుతుంది. పాత జతని కూడా వెంట తీసుకెళితే ఒక కాలికి అది, ఒక కాలికి కొత్తది వేసి చూడొచ్చు. ట్రెడ్‌మిల్ ఉంటే ఆ షూ ఏ పరుగు కోసం కొంటున్నారో ఆ వేగంలోనే ఐదు నిమిషాలు చూడాలి: ఈజీ షూ అయితే ఈజీగా, టెంపో షూ అయితే గట్టిగా. ట్రెడ్‌మిల్ లేకపోతే దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద అటూ ఇటూ పరుగెత్తడమే. కౌంటర్ దగ్గర కుర్రాడు వింతగా చూస్తే చూస్తాడు.